ఆపారా, ఆగమన్నారా?

మా ఇంట్లో సాయంత్రం పూట గోకరకాయ తుంచే పనీ, మా అమ్మాయి పోటీ పరీక్షల చదువూ ఒకే చాప మీద జరుగుతాయి. దాని డిగ్రీ అయిపోయింది, బ్యాంకు పరీక్షలు రాస్తోంది. నేను కూరగాయలు ఒళ్లో పెట్టుకుంటే అది పుస్తకం ఒళ్లో పెట్టుకుంటుంది. దానికి పైకి చదివితే గానీ ఎక్కదు. ఆ పుణ్యాన దాంతోపాటు నాకూ చక్రవడ్డీ లెక్కలూ, రాజ్యాంగం అధికరణలూ కొంచెం కొంచెం వచ్చేశాయి.

మొన్న వేసవిలో ఒకరోజు ఇంగ్లిష్ మాటలు బట్టీ పడుతోంది. "హిండర్ అంటే ఆటంకపరచు. ఇంపీడ్ అంటే ఆటంకపరచు. హాంపర్ అంటే ఆటంకపరచు. అబ్‌స్ట్రక్ట్ అంటే ఆటంకపరచు..."

"ఏందే, అన్నిటికీ ఒకటే అర్థమా?" అన్నాను.

"అవునమ్మా, సినానిమ్స్."

"ఒకటే అర్థమైతే అన్ని మాటలెందుకట? వాళ్లకేం పనిలేకనా?"

"పరీక్షలో నాలుగిస్తాడు. దగ్గరగా ఉన్నదానికి టిక్కు పెట్టాలి. అంతకంటే లోపలికి పోతే టైము సరిపోదు" అని తేల్చేసింది.

నేను చదివింది ఇంటర్మీడియట్. ఇంగ్లిష్ వచ్చీ రానట్టుగా వచ్చు. కానీ వంటింటి మనిషిని. మా ఇంట్లో గరిటె ఉంది, తెడ్డు ఉంది, అట్లకాడ ఉంది, జాలిగంటె ఉంది. అన్నీ గిన్నెలో పెట్టి తిప్పేవే. అలాగని అట్లకాడతో పప్పు వడ్డిస్తామా? మాటలు కూడా అట్లాగే ఉండాలి గదా అనిపించింది. ఆ రాత్రి అందరూ పడుకున్నాక నా ఇంటర్ నాటి డిక్షనరీ ఒకపక్క, మా అమ్మాయి ఫోనులో ఉన్న ఇంగ్లిష్ నిఘంటువు ఒకపక్క పెట్టుకుని కూర్చున్నాను. పన్నెండు కొట్టేదాకా లేవలేదు. మావారు నీళ్లకోసం లేచి, "ఏమిటి, నువ్వు కూడా బ్యాంకు పరీక్ష రాస్తున్నావా?" అని నవ్వి వెళ్లిపోయారు.

తేడాలు నాకు వంటింటి పనుల్లోనే దొరికాయి. మీకూ తెలిసినవే కాబట్టి అట్లాగే చెప్తాను. పొయ్యి మీద పోపు ఉంది, చంటివాడు వెనకనుంచి కొంగు పట్టుకుని గుంజుతున్నాడు. పని ఆగదు, కానీ సాగదు. పోపు కాస్త మాడుతుంది కూడా. అది హిండర్. ఆ మాటలో 'వెనక' అనే అర్థం ఉందట, ముందుకు పోయేదాన్ని వెనక్కి పట్టడం. బొటనవేలు తెగి దానికి గుడ్డ కట్టుకుని ఉల్లిగడ్డ తరుగుతున్నాం. ఎవరూ గుంజడం లేదు, మన చెయ్యే మనకు స్వాధీనంలో లేదు. అది హాంపర్. పండుగలకు దుకాణాల్లో ఇచ్చే గిఫ్ట్ హాంపర్ ఇది కాదు, అది బుట్ట. ఇక సింకులో మెతుకులూ టీ పొడీ చేరి నీళ్లు నిలబడితే మా ప్లంబరు అబ్బాయి కూడా "క్లాగ్ అయింది అమ్మా" అంటాడు. ఆ మాట పుట్టుక చూస్తే కొయ్యమొద్దు అని ఉంది. పశువు పరుగెత్తకుండా కట్టే మొద్దు. సింకుకూ పశువుకూ ఏం సంబంధమో అని ఆ పూట దాన్ని అక్కడే వదిలేశాను. దాని సంగతి మళ్లీ వస్తుంది.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం అబ్‌స్ట్రక్ట్.

నాలుగేళ్ల కిందట మా ఎదురింటివాళ్లు పై అంతస్తు వేశారు. హన్మకొండ పాత వాడల్లో సందులు ఎంతుంటాయో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇసుక, కంకర, సలాకలు అన్నీ సందులోనే పోశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక రాత్రి మా అత్తమ్మకు ఆయాసం ఎక్కువైంది. 108 బండి సందు మొదటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ పిల్లలు స్ట్రెచర్ మోసుకొచ్చి, ఇసుక కుప్ప పక్కనుంచి, సలాకల మీదుగా అడుగులో అడుగేసుకుంటూ అత్తమ్మను తీసుకుపోయారు. చాలా సేపు పట్టింది. ఎంత సేపని అడిగితే చెప్పలేను, ఆ సమయంలో గడియారం ఎవరు చూస్తారు? అత్తమ్మ క్షేమంగా ఇంటికొచ్చింది, అది వేరే సంగతి. తెల్లారి నేను ఎదురింటావిడ మీదికి పోయాను. "మీరు దారి మూసేశారు" అన్నాను.

"మూసేస్తే మీ అత్తమ్మ ఎట్ల పోయింది వదినా? మనిషి పోయేటంత జాగ ఇడిచినం గదా" అంది.

నాకు ఒళ్లు మండింది. ఆమెకూ మండింది. పన్నెండేళ్లుగా నా ఆవకాయ వాళ్లింటికీ, వాళ్ల సకినాలు మా ఇంటికీ పోయే మనుషులం. ఆ రోజుతో గిన్నెలు ఆగిపోయాయి. మావారు అర్జీ రాస్తూ ఇంగ్లిష్‌లో 'బ్లాక్డ్' అని రాశారు. ఆయన స్నేహితుడొకాయన వకీలు. ఆ కాగితం చూసి, "ఇట్లా రాస్తే వాళ్లు మనిషి నడిచే దారి ఫొటో తీసి చూపిస్తారు. అబ్‌స్ట్రక్ట్ అని రాయండి" అన్నాడట. లాయర్లవన్నీ మాటల గారడీలే అనుకుని నేను చెవిన పెట్టలేదు. మావారు ఆ అర్జీ ఇవ్వనూ లేదు.

ఇన్నాళ్లకు డిక్షనరీలో చూస్తే, బ్లాక్ అంటే పూర్తిగా మూతపడాలి. అబ్‌స్ట్రక్ట్ అంటే దారికి ఎదురుగా ఏదో తెచ్చి పేర్చడం. పేర్చడం అన్నది ఆ మాట వేరులోనే ఉంది. కన్‌స్ట్రక్షన్‌లో ఉన్న వేరూ అదే! ఇల్లు కట్టడమూ, దారికి అడ్డం కట్టడమూ అక్కాచెల్లెళ్లన్నమాట. మా సందులో జరిగింది అచ్చంగా అదే గదా అని రాత్రిపూట ఒక్కదాన్నే నవ్వుకున్నాను. వకీలుగారిని మళ్లీ అడిగించాను. 1860 నాటి శిక్షాస్మృతిలోనూ, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ భేదం ఉందట. కొత్త చట్టంలో 126వ సెక్షన్. మనిషికి పోయే హక్కు ఉన్న దిక్కుకు అసలు పోలేకుండా చేస్తేనే అక్రమ నిరోధం. కష్టపడైనా పోగలిగితే అది ఈ సెక్షన్ కిందికి రాదు. నలుగురు నడిచే దారిలో సామాను వేసి అడ్డం కల్పించడానికి వేరే సెక్షన్ ఉంది. అంటే ఎదురింటావిడ చేసింది తప్పే, కానీ నేను అన్న తప్పు కాదు.

ఆ వారంలోనే కరివేపాకు అడిగే సాకుతో వాళ్లింటికి వెళ్లాను. "మూసేశారన్నది నా తప్పు మాట వదినా. కానీ అడ్డం పెట్టింది మాత్రం నిజం" అన్నాను.

ఆమె కాసేపు ఊరుకుంది. "అడ్డం పెట్టింది నిజమే. ఆ రాత్రి నాకు గూడ నిద్ర పట్టలే వదినా" అంది. ఇప్పుడు గిన్నెలు మళ్లీ తిరుగుతున్నాయి.

ఈ అడ్డం అనే మాట ఒకటి చూడండి. వారపత్రికల్లో గళ్లనుడికట్టు నింపేవాళ్లందరికీ అడ్డం, నిలువు తెలుసు. మన దారి నిలువుగా పోతుంటే దానికి అడ్డంగా వచ్చేదే అడ్డంకి. ఇంగ్లిష్‌లో థ్వార్ట్ అనే మాటకు కూడా మొదటి అర్థం 'అడ్డంగా' అనేనట. మాట ఒకేలా పుట్టినా పెరిగింది మాత్రం వేరుగా. థ్వార్ట్ అంటే ఎదుటివాడి పన్నాగం నీరుగారేటట్టు చేసేయడం, చాలా పెద్ద మాట. మన అడ్డం పాపం గుమ్మంలో పడుకున్న పిల్లికి కూడా సరిపోతుంది.

లెట్ అనే మాట ఇంకా విచిత్రం. మా ఆడపడుచు కొడుకు పైచదువుకు అమెరికా వెళ్తూ పాస్‌పోర్టు చూపించడానికి తెచ్చాడు. మొదటి పేజీలో రాష్ట్రపతి పేరు మీద ఒక విన్నపం ఉంటుంది, ఈ పుస్తకం ఉన్నవాణ్ణి స్వేచ్ఛగా పోనివ్వండి అని. అందులో 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్' అని ఉంది. లెట్ అంటే పోనివ్వడం కదా, 'పోనివ్వకుండా పోనివ్వండి' అన్నట్టు ఇదేమి రాత అని తికమక పడ్డాను. పక్కనే హిందీలో చూస్తే 'బినా రోక్ టోక్' అని ఉంది. అప్పుడు అర్థమైంది. పాత ఇంగ్లిష్‌లో లెట్ అని ఇంకో మాట ఉండేది, దానర్థం అడ్డగించడం, ఆలస్యం చేయడం. మనం రోజూ అనే 'లేట్'కు అది చుట్టం. చెవికి ఒకటే, గుణం పూర్తిగా ఎదురు. టెన్నిస్‌లో సర్వీస్ చేసిన బంతి నెట్‌కు తగిలి అవతలి గడిలో పడితే లెట్ అనేది కూడా ఆ పాత మాటేనట. పిల్లవాడు మాత్రం వీసా వచ్చిందా లేదా అన్న ధ్యాసలో ఉన్నాడు, నా పరిశోధన వాడికి ఎక్కలేదు.

టీవీలో దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో సినిమా మధ్యలో ఆగిపోయి 'అంతరాయానికి చింతిస్తున్నాం' అని వచ్చేది గుర్తుందా? అంతరాయం అంటే మళ్లీ మొదలవుతుందన్న ఆశ ఉన్నది. మేం లేవకుండా అట్లాగే కూర్చునేవాళ్లం. అదే రాస్తారోకో అంటే కావాలని ఆపడం. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు జరిగింది. తెలంగాణ ఉద్యమంలో మా ఆడవాళ్లకు బాగా కుదిరిన పద్ధతి వంటావార్పు. నడిరోడ్డు మీద మూడు రాళ్లు పెట్టి అన్నం వండటం. పోలీసు కాగితాల్లో అది అబ్‌స్ట్రక్షనే, ఎవరూ కాదనరు. కానీ ఆగిన బస్సుల్లోవాళ్లు కూడా దిగొచ్చి విస్తరి పట్టుకునేవాళ్లు. ఆ సాంబారు రుచి మళ్లీ ఇంట్లో రాలేదు నాకు.

సరే, అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు.

మా బాపుకు కంటి శుక్లాల ఆపరేషన్ చేయించి వారం రోజులు మా ఇంట్లోనే ఉంచుకున్నాను. ఊరు పరకాల పక్కన. డెబ్బై దాటాయి. నల్లద్దాలు పెట్టుకుని గోడకానుకుని కూర్చునేవాడు. టీవీ చూడొద్దు, వంగొద్దు, నీళ్లు తగలొద్దు. పాపం పొద్దు పోక మా చాప దగ్గరికే వచ్చేవాడు. ఆ సాయంత్రం నేనే మా అమ్మాయికి పాఠం చెప్తున్నాను. "క్లాగ్ అంటే మొదట కొయ్యమొద్దట. పశువు పరుగెత్తకుండా కట్టేవాళ్లట" అన్నాను.

"గుదిబండ" అన్నాడు బాపు.

ఇద్దరం అటు తిరిగాం.

"పొగరుబోతు ఎద్దు మెడకు గట్టేది. ఇంగ్లీషోళ్లకు గూడ ఉన్నదా?"

"ఉన్నట్టుంది బాపూ."

"ఎందుకుండది? పశువులు అన్ని దేశాలల్ల ఉరుకుతయి."

గుదిబండ అనే మాట నేను వందసార్లు అని ఉంటాను. అప్పు గుదిబండ అయిందనీ, ఫలానా పిల్లవాడు తల్లిదండ్రులకు గుదిబండ అయ్యాడనీ. కళ్లముందు కొయ్యమొద్దు మాత్రం ఎప్పుడూ కనపడలేదు. చిన్నప్పుడు మా దొడ్లో ఎడ్లున్నా సరే. ఇక ఇంపీడ్ సంగతి చెప్పాను. అది లాటిన్ మాట, అందులో పాదం అనే అర్థం దాగి ఉంది, కాళ్లకు బంధం వేయడమన్నమాట.

బాపుకు హుషారొచ్చింది. "గుదిబండ వేరు, బందం వేరు బిడ్డా. గుదిబండ గడితే ఎద్దు నడుస్తది, మేస్తది. ఉరికితెనే మోకాళ్లకు కొట్టుకుంటది. బందం అట్ల గాదు. ముందటి కాళ్లు రెండు కలిపి కడ్తరు. అడుగు పడ్తది గని చిన్నగ పడ్తది. తెల్లారేవరకు శెల్క దాటదు. చిక్కం అనేది నోటికి. నడకకు అడ్డం లేదు, తినుడుకే అడ్డం. గుంజకు కట్టేస్తివి, ఇగ అక్కడ్నే. బందెలదొడ్ల పెడ్తివి, పైసలు గట్టి ఇడిపించుకోవాలె."

మా అమ్మాయి పుస్తకంలో నాలుగు మాటలకు ఒకటే అర్థం రాసి ఉంటే, ఏ బడికీ సరిగా పోని మా బాపు ఒక ఎద్దు చుట్టూ ఐదు తేడాలు చెప్పాడు. ఎక్స్‌పిడైట్ అనే మాట గుర్తొచ్చి అదీ చెప్పాను. మావారి ఆఫీసులో రిమైండర్ ఉత్తరాల చివర ఉంటుంది, త్వరగా పంపమని. అందులోనూ అదే పాదం ఉంది, కాళ్లు విడిపించడమని అర్థం.

"బందం ఇప్పుడు" అన్నాడు బాపు తృప్తిగా.

మా అమ్మాయి పుస్తకం మూసేసి నవ్వుతూ అడిగింది. "తాతా, మరి అమ్మ చదువు నువ్వే ఆపినవట గదా. దానికి ఇందులో ఏది కట్టినవు? గుదిబండా, బందమా?"

పిల్లదాని తప్పు లేదు. అది పుట్టినప్పటినుంచీ వింటున్న మాటే అది. ఎవరైనా నా చదువు గురించి అడిగితే, "ఇంటర్‌తో మా నాన్న ఆపేశాడండీ" అని చెప్పడం నాకు అలవాటు. పాతికేళ్లుగా చెప్తున్నాను. బాధగా కూడా కాదు, పేరూ ఊరూ చెప్పినట్టు. కానీ ఆయన ముందు ఎప్పుడూ అనలేదు. నల్లద్దాల వెనక బాపు కళ్లు నాకు కనపడలేదు. చేతిలో ఉన్న గోకరకాయ అట్లాగే పట్టుకుని ఉండిపోయాను.

కొంతసేపటికి అన్నాడు, "నేను ఆపలే బిడ్డా. ఆగుమన్న."

1997-98 సంవత్సరం వరంగల్ జిల్లా పత్తి రైతుల ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కాలం కాని కాలంలో వానలు. పైనుంచి లద్దెపురుగు. ఆకు తిని, పూత తిని, కాయ తొలిచింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. మందులు అప్పు మీద తెచ్చినవి. మా బాపు రాత్రిపూట కందిలి పట్టుకుని చేన్లోకి పోయి చేత్తో ఏరేవాడు. పురుగు చావడానికి తెచ్చిన ఆ మందే తాగి జిల్లాలో ఎంతమంది రైతులు చచ్చిపోయారో ఆనాటి పేపర్లు చూసినవాళ్లకు తెలుసు. మా పక్క ఊళ్లలోనూ పోయారు. మా అమ్మ ఆ ఏడు మందు డబ్బాలు ఇంట్లో ఉంచలేదు. ఎక్కడ దాచేదో బాపుకు కూడా చెప్పేది కాదు. ఇవన్నీ నేను కళ్లారా చూశాను. ఆ వేసవిలో ఇంటర్ ఫలితాలొచ్చాయి. పాసయ్యాను. హన్మకొండలో డిగ్రీలో చేరతానని అడిగితే బాపు అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఈ ఒక్క ఏడు ఆగు బిడ్డా."

ఆగాను. మరుసటి ఏడు పంట కొంచెం నయం, కానీ వచ్చింది వచ్చినట్టు పాత బాకీకి పోయింది. ఆ పై ఏడు సంబంధం వచ్చింది. మంచి సంబంధం, కట్నం పెద్దగా అడగలేదు. ఆ 'ఆగు' ఎప్పుడు 'ఆపు' అయిందో ఏ రోజని చెప్పలేను. ఎవరూ నన్ను కూర్చోబెట్టి 'ఇక చదవొద్దు' అనలేదు.

ఇదంతా నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ సాయంత్రం ఆయన అట్లా అనేసరికి నాకు జాలి రాలేదండీ, నిజం చెప్తున్నాను. కోపం వచ్చింది.

"ఎన్నాళ్లు ఆగాలో చెప్పినవా బాపూ?" అన్నాను.

"చెప్పలే" అన్నాడు. కాసేపుండి, "నాకే ఎరుక లేకుండె" అన్నాడు.

మా అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. కుక్కర్ విజిల్ రాకుండానే స్టవ్ కట్టేసిన చప్పుడైంది.

ఆ రాత్రి డిక్షనరీ తీయలేదు. తీయకుండానే మాటలన్నీ వచ్చి మంచం చుట్టూ కూర్చున్నాయి. డిలే అంటే వాయిదా, పని అవుతుంది గానీ తర్వాత అవుతుంది. గడువు లేని వాయిదాను కూడా డిలే అనవచ్చునా? నా వైపునుంచి చూస్తే అది తలుపు మూయడమే. ఆయన వైపునుంచి చూస్తే దగ్గరికి వేసిన తలుపు, గడియ పెట్టలేదు. గుదిబండ ఉన్నది మాత్రం నిజం. అయితే అది నా మెడకు కాదు, ఆయన మెడకు ఉండేది. నేను ఆ మెడ పట్టుకుని వెనక నడిచాను కాబట్టి నా అడుగూ చిన్నదైంది.

మరి పెళ్లయ్యాక? ఇది కూడా రాయకపోతే న్యాయం కాదు. మన దగ్గర దూరవిద్యకు 1982లోనే సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంలో మొదటిది. 1991 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు మీద ఉంది. ఇంటర్ పాసైనవాళ్లు ఇంట్లో ఉండే డిగ్రీ చదవొచ్చు. నేను రెండుసార్లు దరఖాస్తు ఫారం తెప్పించుకున్నాను. మొదటిసారి చిన్నవాడు కడుపులో ఉన్నాడు. మా అత్తమ్మ చదువుకోవద్దని ఒక్కనాడూ అనలేదు. కానీ నేను పుస్తకం తీస్తే చాలు, "ఒక్క నిమిషం ఇటు రామ్మా" అనేది. ఆ ఒక్క నిమిషాలన్నీ కలిపితే నాలుగు డిగ్రీలు అయ్యేవి! అది కొంగు పట్టుకుని గుంజడమే, హిండర్. ఆమెకు తెలిసి చేసిందని మాత్రం ఇప్పటికీ అనుకోను.

రెండోసారి ఎవరూ ఏమీ అనలేదు. పిల్లలిద్దరూ బడికి పోతున్నారు. మావారు ఫీజు డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్లారు. ఇంగ్లిష్ పేపరు ఉంటుందని తెలిసి నాకు భయమేసింది. ఫెయిలైతే ఆడపడుచులు నవ్వుతారనుకున్నాను. ఫారం బియ్యం డబ్బా కింద పేపరుతో పాటు పరిచేశాను, ఆ డబ్బులతో పిల్లలకు బూట్లు కొన్నాను. దీన్ని ఏమంటారా అని వెతికితే బాక్ అనే మాట దొరికింది. గుర్రం గానీ ఎద్దు గానీ ముందుకు దారి ఉన్నా కాళ్లు తన్నిపెట్టి నిలబడిపోవడం. ఆ మాటకు మొదటి అర్థం చేనులో దున్నకుండా వదిలేసిన గట్టట. మన తెలుగులో చక్కగా మొరాయించడం అంటాం. బండి మొరాయించింది, ఎద్దు మొరాయించింది. ఆడది మొరాయించిందంటే మనం మొండిదని అర్థం చెప్పుకుంటాం గానీ, భయపడి ఆగిందని అనుకోం.

ఇన్నేళ్లూ ఇన్ని మాటలు పట్టే చోట నేను ఒకే మాట వాడాను. ఆ ఒక్క మాట బరువూ ఒక్క మనిషి మీదే పెట్టాను. అట్లాగని ఆయన అన్న 'ఆగుమన్న' కూడా నాకు పూర్తిగా మింగుడు పడలేదు. ఆ తరువాతి ఏళ్లలో ఒక్కసారి, "ఇప్పుడు చేరుతవా బిడ్డా?" అని అడిగి ఉండాల్సింది. పంటకు పెట్టుబడి వెతికినట్టు అడగడానికి కూడా ఒక పూట వెతకొచ్చు కదా. ఇది ఆయనతో మర్నాడు పొద్దున చుక్కల మందు వేస్తూ అన్నాను. రెప్ప వెనక్కి పట్టుకుని ఉన్నాను కాబట్టి ఆయన అటూ ఇటూ తిరగలేకపోయాడు.

"అడగాలంటె మొఖం చెల్లలే బిడ్డా. ఉన్ననాడు పంపలే, ఇప్పుడేమని అడగాలె అనుకున్న" అన్నాడు. మందు చుక్కకే కన్ను నీళ్లు కారుస్తుంది, అందుకని ఇంకేమీ తెలియలేదు నాకు.

టిఫిన్ అయ్యాక మా అమ్మాయిని పిలిచి, ఆగుమనుడుకు ఇంగ్లిష్‌లో ఏమంటారని అడిగాడు. అది డిలే అని చెప్పింది. "డిలే, డిలే" అని రెండుసార్లు అనుకున్నాడు, సంతలో కొత్త విత్తనం పేరు గుర్తుపెట్టుకున్నట్టు. తర్వాత, "మీ అమ్మ ఆ ఇంట్ల సదువుకునే సదువు, అది ఇంకా ఉన్నదా?" అన్నాడు. ఉందని చెప్పి అది ఫోనులో తీసి చూపించింది. ఇప్పుడు ఫారాలు తెప్పించుకునే పని లేదు, అంతా అందులోనే. ఆయనకు ఆ అక్షరాలు కనపడవు గదా, వద్దని చేతితో పక్కకు తోశాడు.

"ఆఖరు తారీఖు ఎన్నడు?" అన్నాడు.

అది చెప్పింది. బాపు నన్ను కేలండర్ తెమ్మన్నాడు. ఎర్ర పెన్ను కూడా తెమ్మన్నాడు. ఆ తేదీ చుట్టూ పెద్ద సున్నా చుట్టమన్నాడు. ఆ పక్క గడిలోనే పాలు రాలేదని నేను కొట్టిన ఇంటూ మార్కు ఉంది. నల్లద్దాలు కొంచెం పైకెత్తి, ఆపరేషన్ చేసిన కంటితో దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇంక పంతొమ్మిది రోజులున్నది" అన్నాడు.